ఇంట్లో స్విమ్మింగ్ పూల్ కడుతున్నారా? కాంక్రీటు పడకముందే బాండింగ్ చేయించండి

భోగాపురం, పూసపాటిరేగ వైపు తోటల్లో కట్టుకుంటున్న గెస్ట్‌హౌసుల్లోనూ, ఎచ్చెర్ల, రణస్థలం దారిలోని కొత్త ఇళ్లల్లోనూ ఇప్పుడు స్విమ్మింగ్ పూల్ కనిపిస్తోంది. పూల్ కట్టేవాళ్లతో మాట్లాడేటప్పుడు లోతెంత, టైల్ ఏ రంగు, ఫిల్టర్ ఏ కంపెనీది అని అన్నీ అడుగుతాం గానీ బాండింగ్ ఎవరు చేస్తారని మాత్రం అడగం. అది పూల్ వాళ్లు చూసుకుంటారని ఎలక్ట్రీషియన్ అనుకుంటాడు, అది ఎలక్ట్రీషియన్ పని అని పూల్ వాళ్లు అనుకుంటారు, రాడ్ కట్టే మేస్త్రికైతే ఆ మాటే ఎవరూ చెప్పరు. ఈలోగా కాంక్రీటు పడిపోతుంది. పడ్డాక లోపలి ఇనుమును అందుకోవాలంటే పగలగొట్టడం తప్ప దారి లేదు. అందుకే ముఖ్యంగా పని మొదలుపెట్టబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను, ఇప్పటికే పూల్ ఉన్నవాళ్లకు పనికొచ్చేవి కూడా కింద ఉన్నాయి.

"ఎర్తింగ్ ఇచ్చేశాం కద బాబూ, మళ్లీ ఇదేటి?" అని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఎర్తింగ్ అంటే మోటారు బాడీ నుంచి ఒక తీగ తీసుకెళ్లి ఎర్త్ గొయ్యికి కలపడం. ఫేజ్ వైరు చెడిపోయి బాడీకి తగిలితే ఆ కరెంటు భూమిలోకి పోవడానికి అది దారి. బాండింగ్ పని వేరు. పూల్ చుట్టూ చేతికీ కాలికీ తగిలే ప్రతి లోహాన్నీ, కాంక్రీటులోని ఇనుమునూ, నీళ్లనూ, మనం తడికాళ్లతో నిలబడే గచ్చునూ రాగి తీగతో ఒకదానికొకటి కలిపేయడం. కరెంటు తీగ మీద వాలిన కాకికి ఏమీ కాదు కదా, దాని రెండు కాళ్లూ ఒకే వోల్టేజీ మీద ఉంటాయి. పూల్‌లో మనిషికి కూడా అదే కావాలి. చెయ్యి పట్టుకున్న నిచ్చెన, ఒళ్లు మునిగిన నీళ్లు, కాలు ఆనిన గచ్చు, ఈ మూడూ ఒకే వోల్టేజీ మీద ఉంటే వాటి మధ్య ఒంట్లోంచి కరెంటు పారదు. ఎక్కడో కొంత వోల్టేజీ వచ్చినా అన్నీ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి.

పూల్ దగ్గర ఇంత పట్టింపు ఎందుకంటే, పొడి చర్మంతో చెప్పులేసుకున్న మనిషికి చురుక్కుమని పోయే కరెంటే నీళ్లలో ఉన్నవాడి ప్రాణం తీయగలదు. ఒళ్లంతా తడిసినప్పుడు శరీరం కరెంటును అడ్డుకునే శక్తి బాగా పడిపోతుంది, వెయ్యి ఓమ్‌లకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి. ఒక మిల్లీఆంపు దగ్గర జిల్లుమన్నట్టు తెలుస్తుంది. 10 దాటేసరికి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేం. 30 ఆ పైన కాసేపు ఉంటే ఊపిరి ఆడడమూ కష్టమవుతుంది, ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. నీళ్లలో ఉన్నవాడికి గుండె దాకా రానక్కర్లేదు, కాళ్లూ చేతులూ ఆడకపోతే చాలు, మునిగిపోతాడు. అరవలేడు కూడా. బయటనుంచి చూసేవాళ్లకు మామూలుగా మునిగినట్టే ఉంటుంది, కాపాడదామని దూకినవాడికీ అదే గతి పడుతుంది.

ఎర్త్ గొయ్యి ఒక్కటే ఎందుకు చాలదో ఒక చిన్న లెక్క చూడండి. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్ ఇంటికి ఫేజ్, న్యూట్రల్ ఇస్తుంది, ఎర్త్ మనమే తవ్వుకుంటాం. గొయ్యి చాలా బాగుండి దాని నిరోధం 5 ఓమ్‌లే ఉందనుకుందాం. మోటారు బాడీకి ఫేజ్ తగిలితే 230ని 5తో భాగించండి, మహా అయితే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడి లైను ఆపే స్విచ్) తక్షణం పడాలంటే అందులో 80 నుంచి 160 దాకా పారాలి. 46కి అది వేడెక్కి, తీరిగ్గా పడుతుంది. ఎండాకాలంలో గొయ్యి ఎండిపోయి 20 ఓమ్‌లకు చేరితే వచ్చేది పదకొండున్నర ఆంపియర్లే, ఇక ఆ ఎంసీబీ ఎన్నటికీ పడదు. ఆ సేపంతా మోటారు బాడీ, దాన్ని తాకే ప్రతి లోహం ప్రమాదకరమైన వోల్టేజీ మీదే ఉంటాయి. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పసిగట్టి పడిపోయే స్విచ్) ఉంటే ఇదే లోపానికి కనురెప్పపాటులో కరెంటు తీసేస్తుంది. అది లేకుండా పూల్ మోటారు ఆన్ చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

అలాగని ఆర్‌సీసీబీ పెట్టాం కాబట్టి బాండింగ్ అక్కర్లేదనుకోకండి. ఆర్‌సీసీబీ చూసేది తనలోంచి వెళ్లే కరెంటును మాత్రమే. పక్క పొలంలో బోరు మోటారు కాలి నేలలోకి కరెంటు వదులుతుంటేనో, వీధిలో తెగిన తీగ తడి నేల మీద పడి ఉంటేనో, ఆ వోల్టేజీ మట్టిలోంచి, పైపుల్లోంచి మీ పూల్ దాకా వస్తే మీ ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. అప్పుడు కాపాడేది బాండింగ్ ఒక్కటే. పల్లెల్లో ఇంకో అలవాటుంది, న్యూట్రల్ పోయినప్పుడు ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడి లైట్లు, మోటార్లు నడిపేస్తారు. దాంతో ఎర్త్ తీగకు కలిసిన ప్రతి ఇనుముకూ కరెంటు ఎక్కే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో ఆ పని జరుగుతుంటే పూల్ సంగతి తరవాత, ముందు అది మాన్పించండి.

ఇనుము కట్టిన రోజు చేయాల్సింది

పూల్ అడుగుకీ గోడలకీ ఇనుము కట్టడం పూర్తయి, సెంట్రింగ్, కాంక్రీటు ఇంకా మొదలుకాని రోజు ఒకటుంటుంది. ఆ రోజు ఎలక్ట్రీషియన్ సైటులో ఉండాలి, ఇంటివాళ్లూ ఉంటే మంచిది. రాడ్లు బైండింగ్ వైరుతో గట్టిగా కట్టి ఉంటే ఆ వల అంతా ఒకటిగానే పనిచేస్తుంది, ప్రతి కూడలినీ వెల్డింగ్ చేయక్కర్లేదు. కాకపోతే అడుగు వలా గోడల వలా నిజంగా కలిశాయో లేదో మల్టీమీటరుతో చూసుకోండి. ఆ వలకు కనీసం నాలుగు చోట్ల, పూల్ నాలుగు పక్కలా, ఇత్తడి లేదా గన్‌మెటల్ క్లాంపులతో బిగించి రాగి తీగలు పైకి తీయాలి. నేను నాలుగు అనేది ఎందుకంటే రేపు ఒకటి తెగినా మిగతావి ఉంటాయి, పైగా టైల్స్ వేసేవాళ్లు అడ్డొచ్చిందని ఒకదాన్నైనా కోసేస్తారు.

తీగ మందం దగ్గర పిసినారితనం వద్దు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో పూల్స్ కోసమే ఆర్టికల్ 680 అని ఒకటుంది, బాండింగ్ గురించి అంత వివరంగా చెప్పింది అదే. అందులో అడిగేది 8 గేజి ఒకే పోగు రాగి తీగ, మన లెక్కలో 8.4 చదరపు మిల్లీమీటర్లు. మన షాపుల్లో దానికి దగ్గరగా దొరికేది 10 స్క్వేర్, అది తీసుకోండి. అల్యూమినియం వద్దే వద్దు, తడి కాంక్రీటూ క్లోరిన్ కలిసి దాన్ని తినేస్తాయి.

సముద్రం గాలికి ఇనుము తుప్పు పడుతుందని కొందరు ఎపాక్సీ పూత రాడ్లు వాడుతున్నారు. తుప్పుకు మంచిదే, కానీ ఆ పూత కరెంటును కూడా ఆపేస్తుంది కాబట్టి వల బాండింగ్‌కు పనికిరాదు. అలాంటప్పుడు 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డంగా నిలువుగా రాగి తీగ వల వేరే వేయాలి. ఖర్చే, కానీ ఇంకో దారి లేదు.

తరవాత చుట్టూ గచ్చు. తడికాళ్లతో నిలబడేది అక్కడే, అందరూ మరిచిపోయేదీ అదే. పూల్ లోపలి గోడ అంచు నుంచి కనీసం 90 సెంటీమీటర్ల వరకు నేల కూడా బాండింగ్‌లో ఉండాలి. గచ్చు కింద ఇనుప మెష్ వేస్తుంటే దాన్ని పూల్ వలకు కలిపేయండి, అన్నిటికన్నా మంచి పద్ధతి అది. మెష్ లేకపోతే అంచు నుంచి 45–60 సెంటీమీటర్ల దూరంలో, గచ్చు కింది మట్టిలో 10–15 సెంటీమీటర్ల లోతున ఒక రాగి తీగ పూల్ చుట్టూ పూర్తిగా తిప్పి, ఇందాక పైకి తీసిన నాలుగు తీగలకూ కలపాలి. చుట్టు సగంలో ఆగిపోకూడదు, మొదలూ చివరా కలవాలి.

ఇక ఈ చుట్టు తీగకు కలపాల్సినవి: స్టీలు నిచ్చెన దిగే సాకెట్లు, చేతి రెయిలింగ్, నీటి లోపలి లైటు గూడు లోహానిదైతే అది, మోటారు బాడీ, లోహపు ఫిల్టరుంటే అది, పూల్ అంచు నుంచి మీటరున్నర లోపు ఉన్న ఇనుప గేటు, కంచె, షవర్ పైపు, షెడ్డు స్తంభం. చెయ్యి చాస్తే అందే పెద్ద లోహం ఏదైనా అని గుర్తుపెట్టుకోండి. బోరు నుంచి వచ్చే నీటి పైపు పూల్ దగ్గరికి వచ్చేసరికి ప్లాస్టిక్‌దై ఉండాలి, జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) అయితే దూరంగా ఎక్కడో ఉన్న వోల్టేజీని నేరుగా పూల్‌కు మోసుకొస్తుంది.

నీళ్లను కూడా కలపాలంటే కొందరికి వింతగా ఉంటుంది. నిచ్చెన, లైటు గూడు స్టీలువై నీళ్లలో మునిగి ఉంటే, అవి బాండింగ్‌లో ఉంటే ఆ పని అయిపోయినట్టే. పైపులు, నీటి మీది చెత్త లాగే స్కిమ్మర్, నిచ్చెన అన్నీ ప్లాస్టిక్‌వే అయితే నీళ్లకు తగిలే లోహం ఉండదు కదా, అప్పుడు మోటారు పైపు లైనులో తుప్పు పట్టని చిన్న లోహపు పలకున్న ఫిట్టింగు పెట్టి, దాన్ని చుట్టు తీగకు కలుపుతారు. నీళ్లకు తగిలే భాగం 9 చదరపు అంగుళాలకు తగ్గకూడదు. రెడీమేడ్ ఫైబర్ పూల్ తెచ్చి గోతిలో దించేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, అందులో ఇనుమే ఉండదు కాబట్టి చుట్టు తీగా ఈ పలకా ఉంటేనే బాండింగ్ ఉన్నట్టు.

జాయింట్ల గురించి ఒక మాట. కాంక్రీటు లోపల మునిగిన జాయింటు చాలాకాలం బాగానే ఉంటుంది. కాంక్రీటు నుంచి తీగ బయటికి వచ్చే చోట, గాలీ తడీ ఉప్పూ మూడూ తగిలే చోట, రాగి పచ్చబడి పొడిపొడిగా రాలిపోతుంది. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి తీరాల దగ్గర ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అక్కడ తీగకు స్లీవు వేసి, క్లాంపుకు తుప్పు ఆపే పేస్టు రాసి, టేపు చుట్టించండి. రాగినీ జీఐ పట్టీనీ నేరుగా బోల్టుతో కలపకుండా మధ్యలో రెండు లోహాలకూ సరిపడే లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) వాడాలి. ఇవన్నీ మూసేముందు ప్రతి జాయింటుకూ ఫోటో తీసుకోండి, ఏది ఎక్కడుందో టేపుతో కొలిచి రాసుకోండి.

చివరగా ఈ చుట్టు తీగను ఇంటి ఎర్త్ బార్‌కు (ఎర్త్ తీగలన్నీ కలిసే పట్టీకి) కలపాలి. పూల్‌కు విడిగా ఒక గొయ్యి తవ్వి, దాన్ని ఇంటి ఎర్త్‌కు కలపకుండా వదిలేసే పద్ధతి తప్పు. రెండు ఎర్త్‌లు రెండు వోల్టేజీల మీద ఉంటే మనిషి వాటి మధ్యలో పడతాడు. ఎన్ని గోతులున్నా అన్నీ కలిపే ఉండాలి. గొయ్యి సంగతికొస్తే తీరం వెంబడి ఇసుక నేల పైన పొడిగా ఉంటుంది కాబట్టి తడి తగిలే లోతు దాకా రాడ్డు దిగాలి. సాలూరు, గజపతినగరం వైపు గట్టి నేలల్లో రెండు మూడు గోతులు దూరదూరంగా తవ్వి కలపాల్సి రావచ్చు. మే నెలలో కొలిచిన విలువే నమ్మండి, వానాకాలంలో ఏ గొయ్యైనా బాగానే చూపిస్తుంది.

కరెంటు సరఫరా వైపు

పూల్ మోటారుకు, లైట్లకు బోర్డులోంచి వేరే లైను, దానికి వేరే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ. షాపులో 100, 300 మిల్లీఆంపులవీ ఇస్తారు, అవి మనిషిని కాపాడటానికి సరిపోవు. స్పీడు మార్చుకునే మోటారు, ఎల్‌ఈడీ డ్రైవర్లు ఉంటే 'ఏ' టైపు అడగండి. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు కాబట్టి పక్కనే ఎంసీబీ ఉండాలి, లేదా రెండూ కలిసిన ఆర్‌సీబీవో పెట్టించండి. పెట్టిన కొన్నాళ్లకు "ఊరికే పడిపోతోంది" అని చాలామంది దాన్ని బైపాస్ చేయిస్తారు, అంతకన్నా దారుణం ఇంకొకటి లేదు. అది ఊరికే పడదు. మోటారు వైండింగులో తడైనా చేరి ఉండాలి, కేబుల్ జాయింటులో నీళ్లైనా చేరి ఉండాలి, లేదా వైరింగులో ఆర్‌సీసీబీ తరవాతి న్యూట్రల్‌ను వేరే లైను న్యూట్రల్‌తో కలిపేసి ఉండాలి. ఆ మూడూ వెతికితే కారణం దొరుకుతుంది. 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) మోటారునూ కేబుల్‌నూ విడదీసి కొలవండి, ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే అదే దోషి.

ఇన్వర్టరు ఉన్న ఇళ్లల్లో పూల్ లైట్లను దాని మీద పెట్టకపోవడమే మంచిది. మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ ఇన్వర్టరుకు ముందు ఉంటుంది, కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆ రక్షణ లేనట్టే.

నీటి లోపలి లైట్లు 12 వోల్టులవే ఉండాలి, సేఫ్టీ ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. చవగ్గా దొరికే స్ట్రిప్ లైటు అడాప్టర్లు దానికి సాటి రావు. ట్రాన్స్‌ఫార్మర్, స్విచ్చులు, ప్లగ్గులు అన్నీ పూల్ అంచు నుంచి మూడున్నర మీటర్ల అవతల. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లో పూల్స్ గురించిన 702వ భాగం అంచు నుంచి 2 మీటర్లను ఒక మండలంగా, ఆ పైన మీటరున్నరను ఇంకో మండలంగా లెక్కపెడుతుంది, ఈ మూడున్నర అక్కడిదే. లైటు కేబుల్‌కు నీళ్లలో జాయింటు ఉండకూడదు, బల్బు మార్చాలంటే లైటును గట్టు మీదికి తీసుకునేంత కేబుల్ లోపల చుట్టి పెట్టాలి.

మోటారును గోతి గదిలో పెట్టొద్దు. మనకు అక్టోబరు ఎలాంటి నెలో తెలుసు కదా, 2014లో హుద్‌హుద్ తుపాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న వచ్చాయి. గోతి నిండితే మోటారు మునుగుతుంది, మునిగిన మోటారును ఆరబెట్టి మెగ్గరు పెట్టకుండా ఆన్ చేయడం అంటే ప్రాణంతో ఆటే. చుట్టుపక్కల మట్టం కన్నా ఎత్తుగా దిమ్మె కట్టి గది వేయండి. క్లోరిన్ డబ్బాలు ఆ గదిలో ఉంచకండి, ఆ ఆవిరికి బోర్డు టెర్మినళ్లు తుప్పుపడతాయి.

సిరిమానోత్సవానికో సంక్రాంతికో చుట్టాలు దిగి పూల్ నిండా పిల్లలున్నప్పుడే ఎక్స్‌టెన్షన్ బాక్సులు, స్పీకర్లు, సీరియల్ లైట్లు గట్టు మీదికి వస్తాయి. వీటిని ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు నిర్మొహమాటంగా ఆపాలి. నీళ్లు తోడడానికి సబ్‌మెర్సిబుల్ మోటారు వేసి, అది నడుస్తుండగానే పిల్లల్ని దిగనివ్వడం ఇంకా ఘోరం. ఆ మోటారు ప్లగ్గు పీకి, మోటారును బయటికి తీశాకే ఎవరైనా దిగాలి. పొడవాటి అల్యూమినియం కర్ర ఉన్న జల్లెడతో ఆకులు తీసేటప్పుడు తల పైన సర్వీసు వైరు ఉందేమో చూసుకోండి, అసలు కరెంటు లైన్ల కింద పూల్ స్థలమే ఎంచుకోకండి.

ఇప్పటికే పూల్ ఉంటే

నీళ్లలో ఎవరూ లేకుండా, మోటారు, లైట్లు ఆన్ చేసి, మల్టీమీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక ప్రోబు నీళ్లలో, రెండోది తడి గచ్చు మీద ఆనించండి. తరవాత నిచ్చెనకూ గచ్చుకూ మధ్య, నీళ్లకూ గేటుకూ మధ్య. డిజిటల్ మీటరు ఒక్కోసారి లేని వోల్టేజీని చూపిస్తుంది, ప్రోబుల మధ్య వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు కలిపి మళ్లీ కొలిస్తే అది మాయమవుతుంది. రెసిస్టరు పెట్టాక కూడా రెండు మూడు వోల్టులు నిలబడితే పూల్ మూసేసి కారణం వెతికించండి. స్క్రూడ్రైవర్ టెస్టరును ఈ పనికి నమ్మకండి, ఇంత తక్కువ వోల్టేజీకి అది వెలగదు.

ఆ తరవాత కరెంటు పూర్తిగా తీసేసి ఓమ్‌లలో నిచ్చెన నుంచి మోటారు బాడీకి, మోటారు నుంచి ఎర్త్ బార్‌కు కొలవండి. ప్రోబు తీగల విలువ తీసేశాక ఒక ఓమ్ లోపే ఉండాలి. అసలు కలవలేదని తేలితే గచ్చును పూల్ చుట్టూ సన్నగా కోసి తీగ వేయించి, నిచ్చెన సాకెట్లు, మోటారు, నీటి పలక కలిపించవచ్చు. లోపలి ఇనుము అందకపోయినా ప్రమాదంలో పెద్ద భాగం తగ్గుతుంది. ఈ పనులకు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరునే పిలవండి, వైరింగుకు, ఎర్తింగుకు మన దేశ ప్రమాణాలైన ఐఎస్ 732, ఐఎస్ 3043 పేర్లు చెప్పి రీడింగులు కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ మాత్రం నెలకోసారి మీరే నొక్కండి, పడకపోతే ఆ రోజే మార్పించండి.

ఉరుము వినిపిస్తే అందరూ నీళ్లలోంచి బయటికి, చివరి ఉరుము తరవాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు. బాండింగ్ పిడుగు నుంచి కాపాడదు. దామిని యాప్ ఫోన్‌లో ఉంటే దగ్గర్లో పిడుగులు పడుతున్నాయో లేదో తెలుస్తుంది.

నీళ్లలో ఎవరికైనా జిల్లుమంటే నిచ్చెన వైపు వెళ్లనివ్వకండి, దాన్ని పట్టుకోకుండా గట్టుకు దూరంగా జరగమనండి, ముందు మెయిన్ స్విచ్ తీయండి. ఆ స్విచ్ ఎక్కడుందో పిల్లలతో సహా ఇంట్లో అందరికీ చూపించి ఉంచాలి. కరెంటు తీశారని రూఢి అయ్యేదాకా ఎవరూ దూకకూడదు, గట్టున ఎప్పుడూ ఒక పొడవాటి ఎండిన వెదురు కర్రో ఫైబర్ కర్రో, ఒక ట్యూబో ఉంచండి. బయటికి లాగాక ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే ముందు నోటితో ఊపిరి ఇచ్చి, తరవాత ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 నొక్కులు, 2 ఊపిరులు చొప్పున అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా చేయాలి. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి, షాక్ తగిలిన గుండె లయ, నీళ్లు వెళ్లిన ఊపిరితిత్తులు తరవాత ఇబ్బంది పెట్టవచ్చు. కారణం దొరికేదాకా పూల్ లైను బోర్డు దగ్గరే ఆఫ్ చేసి ఉంచి, ఎవరినీ దిగనివ్వకండి.